విన్న నవల ఒకటి, తెరిచిన నవల ఒకటి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. పెద్దవాళ్ళూ స్నేహితులూ చెప్పగా విని మూడు నవలలు కొన్నారు. 'మైదానం' బూతు పుస్తకమన్నారు. 'వేయిపడగలు' పండితులకు తప్ప కొరుకుడు పడదన్నారు. 'చివరకు మిగిలేది' అంతా వేదాంతమన్నారు. తీరా చదవబోతే మూడూ అలా లేవు. "నాకు చదవడం రాదా, లేక అందరూ అబద్ధం చెప్పారా?" అని అడిగారు.

మీకు చదవడం వచ్చు. వాళ్ళూ కావాలని అబద్ధం చెప్పలేదు. నేను జిల్లా గ్రంథాలయ సంస్థ కింద శాఖా గ్రంథాలయాల్లో గ్రంథపాలకుడిగా చేసి రిటైరయ్యాను. పుస్తకం తీసుకెళ్ళేటప్పుడు మనిషి ఏమంటాడు, తెచ్చిచ్చేటప్పుడు ఏమంటాడు అన్నది రోజూ వినే ఉద్యోగం అది. అక్కడ నాకు అర్థమైన సంగతి ఒకటుంది. ఒక నవలకి ఊళ్ళో పేరు తెచ్చేవాళ్ళలో దాన్ని ఆసాంతం చదివినవాళ్ళు తక్కువ. మొదటి వంద పేజీల దగ్గర ఆపేసినవాళ్ళు, సినిమా చూసినవాళ్ళు, స్కూల్లో ఓ ముక్క పాఠంగా చదివినవాళ్ళు, రచయిత మీద జరిగిన గొడవ విన్నవాళ్ళు, వీళ్ళంతా కలిసి ఆ పేరు తయారు చేస్తారు. మీరు విన్నది ఆ పేరు. కొన్నది నవల.

ఏదైనా పాత గ్రంథాలయంలో 'వేయిపడగలు' కాపీ కనిపిస్తే తెరవకుండా పక్కనుంచి చూడండి. మొదటి నూరు, నూటయాభై పేజీల అంచులు వేళ్ళ మురికితో నల్లబడి ఉంటాయి. మూలలు మడిచిన గుర్తులు కూడా అంతవరకే. అక్కణ్ణుంచి చివరిదాకా కాగితం శుభ్రంగా ఉంటుంది. ఆ నవల గురించి జనం చెప్పే మాటలు కూడా చాలావరకు ఆ నలుపు ఆగిన చోటే ఆగిపోతాయి.

దీనికి 'బారిస్టర్ పార్వతీశం' కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. మొక్కపాటి నరసింహశాస్త్రి రాసిన మొదటి భాగం 1924లో వచ్చింది. మొగల్తూరు కుర్రాడు పార్వతీశం ఇంట్లో చెప్పకుండా సీమకు, అంటే ఇంగ్లండు వైపుకు, బయల్దేరడం, మద్రాసులో తెలియక ఆడవాళ్ళ టోపీ కొని నెత్తిన పెట్టుకోవడం, ఓడలో పడ్డ పాట్లు, ఇవి పుస్తకం ముట్టుకోనివాళ్ళకి కూడా తెలుసు. దాంతో మూడు భాగాలూ కలిపిన లావు పుస్తకం తీసుకెళ్ళేవాళ్ళు చివరి పేజీదాకా పొట్ట చెక్కలయ్యేలా నవ్వొచ్చనుకుంటారు. రెండో భాగంలోకి వెళ్ళగానే ముఖం మారుతుంది. "ఇందులో కామెడీ తగ్గిపోయిందండీ, వేరేవాళ్ళెవరైనా రాశారా?" అని నన్ను అడిగినవాళ్ళున్నారు.

వేరేవాళ్ళు రాయలేదు. మొదటి భాగంలో నవ్వు ఎక్కణ్ణుంచి వస్తోందో చూస్తే సంగతి తెలుస్తుంది. పార్వతీశం తన కథ తానే చెబుతున్నాడు, అదీ చాలా హుందాగా, తనేమీ తక్కువవాణ్ణి కాదన్న ధీమాతో. పక్కవాళ్ళు ఎందుకు నవ్వుతున్నారో అతనికి తెలియదు. మనకు తెలుసు. ఆ తేడాయే హాస్యం. ఎడింబరోలో కొన్నేళ్ళు ఉంటే ఎవరికైనా లోకం తెలుస్తుంది. పార్వతీశానికీ తెలిసింది. చదువుకున్నాడు, స్నేహాలు చేశాడు, ఒక అమ్మాయితో మనసు కలిసింది. మూడో భాగంలో తిరిగొచ్చి పెళ్ళి, ప్లీడరీ, స్వాతంత్ర్యోద్యమంలోకి దిగాడు. తెలివొచ్చినవాడి చేత మళ్ళీ ఆడవాళ్ళ టోపీ పెట్టిస్తే అది అబద్ధమవుతుంది. మొక్కపాటివారు స్వయంగా ఎడింబరోలో చదువుకున్నవారు కాబట్టి రెండో భాగంలోని చలీ, గదులూ, ఇంటిమీద బెంగా ఊహించి రాసినవి కావు. నన్నడిగితే ఆ భాగమే నాకు ఎక్కువ ఇష్టం. కానీ నవ్వుకోసం వచ్చినవాడికి ఈ మాట చెప్పి లాభం లేదు.

ఇంగ్లీషు నవల 'గలివర్స్ ట్రావెల్స్' సంగతీ ఇంతే. అరచేతి మనుషులు తాళ్ళతో కట్టేసిన బొమ్మ చూసి పిల్లల పుస్తకం అనుకుంటాం. 1726లో వచ్చిన ఆ పుస్తకంలో నాలుగు ప్రయాణాలుంటే మనకు తెలిసింది మొదటిది, మహా అయితే రాక్షసుల దేశం ఉన్న రెండోది. నాలుగో ప్రయాణంలో బుద్ధిమంతులైన గుర్రాల మధ్య బతికి ఇంటికొచ్చిన గలివర్ పెళ్ళాం బిడ్డల వాసన కూడా భరించలేక గుర్రాలశాలలో కాలం గడుపుతాడు. ఇది పిల్లలకి చెప్పే కథ కాదు. మనుషుల మీద అంత కోపంతో రాసిన పుస్తకాలు ఎక్కువ లేవు.

ఇక మీ మూడింటి సంగతికి వస్తాను.

చలం రాసిన 'మైదానం' 1927 నాటిది. చలం మీద జరిగిన గొడవ ఎంత పెద్దదంటే ఆ పుస్తకాన్ని అట్ట వేసి దాచుకుని చదివిన తరాలున్నాయి. ఇప్పటి కుర్రాళ్ళు ఆ పేరు విని తెరిచి, ఫోన్లో రోజూ కనిపించేదానిలో పదోవంతు కూడా లేదని నిరాశపడతారు. అది వాళ్ళ గోడు. నాకు కనిపించే తేడా వేరు. ప్లీడరు భార్య రాజేశ్వరి అమీర్‌తో వెళ్ళిపోవడం ఆ నవలకు ముగింపు అనుకుంటారు విన్నవాళ్ళు. అది మొదలు మాత్రమే. కట్టుబాట్లన్నీ తెంచుకుని ఆ ఆరుబయట, ఏటి పక్కన చేరాక ఏమైందన్నదే నవల. అక్కడ అమీర్ ఆమెను కొడతాడు. ఇంకో అమ్మాయి మీద మనసు పడతాడు. రాజేశ్వరికి కడుపొస్తే తీయించుకోమని పట్టుపడతాడు. తర్వాత మీరా అనే కుర్రాడు వస్తాడు, అసూయ వస్తుంది. స్వేచ్ఛ కోసం వెళ్ళిన చోట కూడా మనిషి మనిషిని సొంతం చేసుకోవాలనే చూస్తాడు. చలం స్త్రీ స్వేచ్ఛకి ప్రచారం రాశాడని తిట్టినవాళ్ళూ, అందుకే మెచ్చుకున్నవాళ్ళూ ఈ రెండో సగాన్ని పెద్దగా పట్టించుకోరు. ముగింపు మీకు చెప్పను.

'చివరకు మిగిలేది' విషయంలో తప్పు చాలావరకు పేరుదే. వైరాగ్యం వినిపిస్తుంది కదా. దీన్ని రాసిన బుచ్చిబాబు పేరు చెప్పగానే మనోవిశ్లేషణ అనే మాట కూడా వెంట వస్తుంది. ఈ రెండూ కలిసి మంచి పాఠకుల్ని కూడా భయపెడతాయి. తెరిస్తే ఉండేది దయానిధి అనే కుర్రాడు, అతని తల్లి గురించి ఊరు చెప్పుకునే గుసగుసలు. ఆమె పోయాక కూడా ఆ మాటలు అతన్ని వదలవు. పెళ్ళిలో, స్నేహంలో, వైద్యంలో ఎక్కడికెళ్ళినా ముందుగా తల్లి పేరే చేరుతుంది. కోమలి, అమృతం, సుశీల, ఇందిర, ఒక్కొక్కరి దగ్గరా అతను వెతుక్కునేది ప్రేమ మాత్రమేనా, లేక ఆ మచ్చ మరిపించే మాటా అన్నది పాఠకుడు తేల్చుకోవాలి. వేదాంతం లేదని అనను. చివర్లో ఉంది. కానీ ఈ నవలలో నడిచేది మన ఊళ్ళ అరుగుల మీద మాట. ఒక మనిషి తల్లి గురించి నలుగురూ నవ్వుతుంటే ఆ నవ్వు మధ్య పెరిగినవాడు ఏమవుతాడు? ఇలా చెప్పి ఇచ్చిన పాఠకులు ఆ పుస్తకం పూర్తిచేసి తెచ్చారు. "గొప్ప మనోవైజ్ఞానిక నవల" అని ఇస్తే ఎక్కువమంది సగంలో తెచ్చిచ్చేశారు.

'వేయిపడగలు' కథ కొంచెం పెద్దది. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, అంటే ఆంధ్ర యూనివర్సిటీ, నవలల పోటీ పెడితే విశ్వనాథ సత్యనారాయణ దీన్ని రాశారు. బహుమతి దీనికీ, అడివి బాపిరాజు 'నారాయణరావు'కీ పంచి ఇచ్చారు. దీన్ని పి.వి. నరసింహారావు హిందీలోకి 'సహస్రఫణ్' పేరుతో అనువదించారని చాలామందికి తెలుసు. కాబట్టి గౌరవం నిండా ఉంది, చదవడమే లేదు. విశ్వనాథ అంటే ఛాందసం అని ఒక వర్గం, సనాతన ధర్మానికి నిలువెత్తు పుస్తకం అని ఇంకో వర్గం. ఇద్దరికీ లోపల ఉన్నది కొంత ఇబ్బందే. కథానాయకుడు ధర్మారావు తండ్రి రామేశ్వరశాస్త్రికి నాలుగు వర్ణాల్లోనూ భార్యలున్నారు. కథలో అందరికంటే పవిత్రంగా రచయిత నిలబెట్టిన మనిషి దేవదాసి గిరిక. ఛాందసం వెతుక్కుంటూ వచ్చినవాడు వీళ్ళ దగ్గర తడబడతాడు. అలాగని ఆధునికుడు అనుకుంటే అదీ కుదరదు, ఆయన నమ్మింది ఆయన నిర్మొహమాటంగానే చెప్పారు. దానితో నాకు చాలాచోట్ల పేచీ ఉంది.

భాష గురించి భయం అక్కర్లేదు. మొదట్లో సుబ్బన్నపేట పుట్టుకా, సుబ్రహ్మణ్యేశ్వరుడూ, వేయి పడగల పామూ ఉన్న భాగం కాస్త బరువుగా సాగుతుంది. అక్కడే జనం ఆగిపోతారు. దాటితే విశ్వనాథ కబుర్లరాయుడు అవుతారు. ఇంగ్లీషు చదువులు, సినిమాలు, వ్యవసాయం, నాట్యం, ఊరి రాజకీయాలు, దేనిమీదైనా సరే కథ ఆపి పేజీల తరబడి మాట్లాడతారు. నవల అంటే గీత గీసినట్టు సాగే కథ అనుకుంటే విసుగొస్తుంది. మేధావీ, మొండివాడూ అయిన పెదనాన్న అరుగు మీద కూర్చోబెట్టుకుని రాత్రిదాకా మాట్లాడుతున్నట్టు చదివితే సాగుతుంది. నచ్చని చోట నాలుగు పేజీలు తిప్పేయండి. ఆయన లేచి వచ్చి కొట్టరు.

సినిమా చేసే పని ఇంకో రకం. శరత్ 'దేవదాసు' చదివారా? 1917లో అచ్చయిన బెంగాలీ నవల, చాలా చిన్నది. చక్రపాణి, బొందలపాటి శివరామకృష్ణ లాంటివాళ్ళ అనువాదాల పుణ్యాన శరత్ తెలుగువాడే అనుకున్న ఇళ్ళు మన దగ్గర చాలా ఉన్నాయి. కానీ 1953 తర్వాత దేవదాసు అంటే మనకు నాగేశ్వరరావు కళ్ళూ, ఘంటసాల గొంతూ. ఆ సినిమా కథను పెద్దగా మార్చింది కూడా లేదు. మారింది మన చూపు. ఆ ముఖం చూస్తూ, ఆ గొంతు వింటూ దేవదాసును ఎవరు తప్పుపడతారు?

నవలలో ఆ ముఖం లేదు, పాట లేదు. అప్పుడు అతను చేసిన పనులు విడివిడిగా కనిపిస్తాయి. పార్వతి రాత్రివేళ పరువు పక్కనపెట్టి అతని గదికి వస్తుంది. అతను తండ్రితో మాట్లాడి, కాదనిపించుకుని, కలకత్తా వెళ్ళిపోయి, నిన్ను నేను అంతగా ప్రేమించిందేమీ లేదన్నట్టు ఉత్తరం రాస్తాడు. తర్వాత పశ్చాత్తాపపడి తిరిగొస్తాడు. చెరువు దగ్గర పార్వతి అభిమానంతో ఎదురు చెబితే గాలపు కర్ర పెట్టి నుదుటిమీద కొడతాడు, రక్తం కారేలా. శరత్ దీన్ని ప్రేమ గుర్తుగా చెప్పాడా, పిరికివాడి కోపంగా చెప్పాడా అని నాకు ఇప్పటికీ అనుమానమే. కానీ అతణ్ణి హీరోగా చూపించే తొందర ఆయనకు ఎక్కడా లేదు. చివరి పేరాలో రచయితే ముందుకొచ్చి, దేవదాసులాంటి దురదృష్టవంతుడు, నిగ్రహం లేని పాపి ఎవరైనా తారసపడితే అతనికోసం ప్రార్థించండి, ఎవరికీ అలాంటి చావు రాకూడదు అంటాడు. ఆ మాటలో జాలి ఉంది, మెప్పు లేదు.

మరి నవల ఎవరి వైపు మొగ్గుతుంది? నా దృష్టిలో పార్వతి వైపు. ముసలి జమీందారుకు రెండో పెళ్ళాంగా వెళ్తుంది. తన ఈడుకు దగ్గరగా ఉన్న సవతి బిడ్డలు ఆ ఇంట్లో ఉన్నారు. కూతురు యశోద అలిగి పుట్టింటికి రావడం మానేస్తుంది. పార్వతి పిలిపించుకుని తన ఒంటిమీది నగలు ఒక్కొక్కటే తీసి ఆ పిల్లకి పెడుతుంది. అలిగిన పిల్ల కరిగిపోతుంది. పెద్దగా ఏడుపులూ పెడబొబ్బలూ లేని చిన్న సంగతి. కానీ ఆమె సంసారం ఎలా గెలుచుకోవాలో తెలిసిన ఆడమనిషి అనీ, ఆ సంసారం మీద ఆమెకు ఆశేమీ లేదనీ కూడా అక్కడే తెలిసిపోతుంది. వేశ్య చంద్రముఖి కూడా అంతే, తన బతుకు తాను మార్చుకుంటుంది. ఇద్దరు ఆడవాళ్ళూ ఏదో ఒకటి చేస్తుంటే మధ్యలో ఏమీ చేయలేక తాగుతున్న మగవాడు దేవదాసు. సినిమా చూసి విషాద ప్రేమకథ కోసం వచ్చినవాళ్ళకి ఇది మింగుడుపడదు.

అట్టా, ప్రకటనా చేసే మాయ మీద కూడా రెండు మాటలు. యండమూరి 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చేటప్పుడు చేతబడి నవల అనే పేరు పడింది. మూఢనమ్మకాలు పెంచుతోందని తిట్టారు కూడా. చదివితే ఒకవైపు చేతబడీ, మరోవైపు డాక్టర్లూ హిప్నాటిజమూ సమానంగా పరుగెడతాయి. పాప తులసి విషయంలో ఏది పనిచేసిందో తేల్చడం చాలావరకు మనకే వదిలేస్తాడు. దయ్యాల కథ కోసం వచ్చినవాడికి సైన్సు అడ్డం, సైన్సు కోసం వచ్చినవాడికి దయ్యం అడ్డం. ఇంకో సంగతి, సీరియల్ నవలని పుస్తకంగా చదివితే ప్రతి అధ్యాయం చివరా ఒక టెన్షన్ ఎందుకుందో అర్థంకాక చిరాకొస్తుంది. వారం రోజులు ఆగాల్సిన పాఠకుడికోసం కట్టిన ముడి అది. ఒక్క రోజులో చదివేవాడికి అతిగా అనిపించడం సహజం.

యద్దనపూడి 'సెక్రటరీ' అనగానే కారు, బంగళా, ఆరడుగుల హీరో అని నవ్వేవాళ్ళున్నారు. అవన్నీ ఉన్నాయి, కాదనను. దానితోపాటు జయంతి అనే అమ్మాయి బయటికెళ్ళి ఉద్యోగం చేస్తూ పేరు చెడకుండా, అభిమానం చంపుకోకుండా ఎలా నెగ్గుకురావాలని పడే తంటా కూడా ఉంది. అరవైల్లో ఆ పుస్తకం చదివిన ఆడపిల్లలు కారు కోసమే చదివారని నేను నమ్మను.

సంక్షిప్త అనువాదాలది మరో తమాషా. 'ఏడు తరాలు' మన దగ్గర ఎంతమంది చేత కన్నీళ్ళు పెట్టించిందో చెప్పనక్కర్లేదు. సహవాసి దాన్ని తెలుగులో బాగా కుదించి రాశారు. ఆ ప్రేమతో అలెక్స్ హేలీ ఇంగ్లీషు మూలం 'రూట్స్' తెప్పించుకున్నవాళ్ళు ఆ లావు చూసి బెదిరిపోతారు. తర్వాత బానిసగా అమ్ముడుపోయే కుంటా కింటే ఆఫ్రికాలోని బాల్యమే వంద పేజీలు దాటి నడుస్తుంది. బానిస ఓడ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తూ చదివితే ఆ పల్లె బతుకంతా అడ్డంగా కనిపిస్తుంది. మూలంలో ఆ నిదానం కావాలనే ఉంది. పోగొట్టుకున్నది ఏమిటో ముందు చూపించాలి కదా.

మెలివిల్ 'మోబీ డిక్' కూడా ఈ కోవలోదే. తెల్ల తిమింగలం వేట అని చెబుతారు. ఆ తిమింగలం కనిపించేది చివరి మూడు అధ్యాయాల్లో. అంతవరకూ తిమింగలాల రకాలు, నూనె తీసే పద్ధతి, తాళ్ళు, ఈటెలు. మేరీ షెల్లీ 'ఫ్రాంకెన్‌స్టయిన్'లో ఆ భూతం సినిమాల్లోలా గుర్రుమనదు. పుస్తకాలు చదువుకుని, తనను పుట్టించినవాణ్ణి నిలదీసి, లాయరులా వాదిస్తుంది.

ఇదంతా తెలిశాక ఏం చేయాలంటారా? నేను పాఠకులకి చెప్పింది మీకూ చెబుతాను. మన నవలల ముందుమాటలు ఆఖర్న చదవండి. వాటిలో సగం కథ చెప్పేస్తాయి, మిగతా సగం ఎలా మెచ్చుకోవాలో నేర్పుతాయి. నవల గురించి ఎవరైనా గట్టిగా చెబితే "మీరు ఎంతవరకు చదివారు?" అని మర్యాదగా అడగండి. చాలామంది నిజమే చెబుతారు. సినిమా ముందే చూసేసి ఉంటే, నవలలో సినిమాకి పనికిరాక వదిలేసినవి ఏవో వెతుకుతూ చదవండి, బోరు తగ్గుతుంది. పుస్తకం మొదట ఎక్కడ అచ్చయిందో, సీరియల్‌గానా పోటీకా అన్నది సాధారణంగా రెండో పేజీలోనో, ప్రచురణకర్త మాటలోనో ఉంటుంది. ఆ ఒక్క వాక్యం చూస్తే దాని నడక ఎందుకలా ఉందో చాలావరకు తెలుస్తుంది.

అన్నీ చూశాక కూడా నవల నచ్చకపోవచ్చు. అప్పుడు పక్కన పెట్టేయండి, అందులో నామోషీ ఏమీ లేదు. విన్నట్టు లేదని పక్కన పెట్టడం వేరు, ఉన్నది నచ్చక పక్కన పెట్టడం వేరు. మీ మూడింటిలో 'మైదానం' ఒక సాయంత్రంలో అయిపోతుంది, ముందు అది ముగించండి. తర్వాత 'చివరకు మిగిలేది'ని దయానిధి తల్లి మీద ఒక కన్నేసి ఉంచుతూ మొదటినుంచి మళ్ళీ చదవండి. 'వేయిపడగలు' మీరు ఏ పేజీ దగ్గర ఆగారో రాయలేదు. అది చెబితే, అక్కణ్ణుంచి ఎన్ని పేజీలు తిప్పేయొచ్చో నేను చెబుతాను.